పాడైన టేపు ఖాళీ టేపు కాదు

"అక్కా, గివేం క్యాసెట్లు? టేప్‌రికార్డర్ల పడ్తలేవు."

ఫోన్ చేసింది మా చిన్నాయన కొడుకు. కొత్తకోటలో హైవే పక్కన జిరాక్సు, కంప్యూటర్ రిపేరు దుకాణం నడుపుతాడు. మూతబడిన ఒక ఆఫీసువాళ్ళు కుర్చీలు, మానిటర్లు వదిలించుకుంటుంటే పోయి కొన్నాడట. బేరం తెగాక కొసరుగా ఒక అట్టపెట్టె కూడా ఆటోలో వేశారట. ఫోటో పంపమన్నాను. చూస్తే డేటా టేపులు. పెద్దవి ఎల్‌టీఓ-3 రకం, చిన్నవి డీడీఎస్-4 రకం. తెల్ల చీటీల మీద బార్‌కోడ్లు, కొన్నింటి మీద పెన్నుతో రాసిన నెలల పేర్లు.

"పాతసామాన్లాయన కిలో లెక్కన అడుగుతున్నడు. ఇచ్చేద్దునా?"

"ఇయ్యకు. ఎండల పెట్టకు. నేనొచ్చేదాక ఎవ్వరినీ ముట్టనియ్యకు."

"దాంట్ల బాంబులున్నయా ఏందక్కా?" అని నవ్వాడు.

నేను హైదరాబాద్‌లో బ్యాకప్ టేపుల గదిలో పనిచేస్తాను. వనపర్తి రాజావారి బంగళాలో నడిచే పాలిటెక్నిక్‌లో డిప్లొమా చేసి వచ్చిన దగ్గర్నుంచి ఇదే పని. టేపులు ఎక్కించడం, దించడం, సీలు వేసి బయటి గోడౌనుకు పంపడం, తిరిగొచ్చినవి లెక్క చూసుకోవడం, గడువు తీరినవాటిని నాశనం చేయించడం. ఈ చివరిదాన్ని మాత్రం ఎవరూ పనిగా లెక్కపెట్టరు. చెత్త పారెయ్యడానికి కూడా ఒక మనిషి కావాలా అంటారు. ఆ ఆదివారం మా తమ్ముడి దుకాణంలో కూర్చుని వాడికి చెప్పిన సంగతులే ఇక్కడ రాస్తున్నాను. ఇలాంటి పెట్టె మీ మిల్లులోనో, ఆస్పత్రిలోనో, సహకార సంఘం అటక మీదో ఉండొచ్చు.

టేపంటే పలచని ప్లాస్టిక్ పట్టీ, దాని మీద అయస్కాంత గుణమున్న పొడితో వేసిన పూత. 1928లో జర్మనీలో ఫ్రిట్జ్ ఫ్లాయిమర్ కాగితపు పట్టీకి ఇనుప పొడి అతికించి దాని మీద శబ్దాన్ని పట్టాడు. 1952లో ఐబీఎం 726 అనే యంత్రంతో అంకెల్ని టేపు మీదికి ఎక్కించింది. అప్పటి పెద్ద రీలు మొత్తానికి పట్టింది సుమారు 2 ఎంబీ. ఇవాళ సెల్‌ఫోన్లో తీసిన ఒక్క ఫోటోకే అంత కావాలి. 2000లో ఐబీఎం, హెచ్‌పీ, సీగేట్ కలిసి ఎల్‌టీఓ అనే ఉమ్మడి రకాన్ని తెచ్చాయి. మొదటి తరం కార్ట్‌రిడ్జిలో 100 జీబీ పట్టేది. 2005లో వచ్చిన మూడో తరంలో 400 జీబీ, 2021లో వచ్చిన తొమ్మిదో తరంలో 18 టీబీ పడుతుంది. పాటల క్యాసెట్టులో రెండు చక్రాలుంటాయి కదా, దీనిలో ఒకటే. రెండోది టేపును చదివే, రాసే యంత్రంలో, అంటే డ్రైవులో ఉంటుంది. కార్ట్‌రిడ్జి లోపలికి వెళ్ళగానే డ్రైవు టేపు కొసను పట్టుకుని బయటికి లాగి తన చక్రానికి చుట్టుకుంటుంది.

ఇంకా టేపులేంటి, అంతా క్లౌడే కదా అని మావాడు అడిగాడు. ఆ క్లౌడు వెనకాల కూడా టేపులున్నాయి. 2011 ఫిబ్రవరి చివర్లో ఒక సాఫ్ట్‌వేర్ లోపం వల్ల కొందరు జీమెయిల్ వాడకందార్ల ఉత్తరాల డబ్బాలు ఖాళీగా కనిపించాయి. మొత్తం వాడేవాళ్ళలో 0.02 శాతమే, కానీ జీమెయిల్‌కు అది కూడా వేలల్లో లెక్క. గూగుల్ ఆ ఉత్తరాలను టేపుల నుంచే తిరిగి తెచ్చింది. డిస్కుల మీదున్న కాపీలన్నిటికీ ఆ లోపం పాకింది, అరలో ఉన్న టేపుకు మాత్రం పాకలేదు. కరెంటుకూ నెట్‌వర్క్‌కూ తగలకుండా పడి ఉండడమే టేపుకున్న బలం. పారేసే రోజున మనకు తలనొప్పి తెచ్చేదీ అదే. దాని దగ్గరికి వెళ్ళి చేత్తో పట్టుకుని ఏదో ఒకటి చేసేదాకా అది మాట్లాడకుండా అన్నీ దాచుకునే ఉంటుంది.

మా తమ్ముడికి ఆ పెట్టె ఇచ్చినవాళ్ళు ఒక మాట అన్నారట: "ఇవన్నీ చెడిపోయినయి, డ్రైవు తీస్కుంటలేదు." ఈ పనిలోకి వచ్చిన దగ్గర్నుంచి నేను అందరికీ చెప్తున్నది ఒకటే. డ్రైవు తీసుకోని టేపుకే ఎక్కువ భయపడాలి. బాగున్న టేపుంటే దాని మీద వేరే డేటా రాసి పాతది చెరిపేయొచ్చు. డ్రైవు తిప్పికొట్టిన టేపును అలా చెరపలేం, లోపల ఏముందో చూడలేం. అలాగని అందులోని అక్షరం ఒక్కటీ పోలేదు. మన డ్రైవు చదవనంత మాత్రాన ఎవరి డ్రైవూ చదవదనేం లేదు. కొసన ఉండే చిన్న ఇనుప పిన్ను ఊడితే చాలు, టేపు 'చెడిపోయినట్టు' లెక్క. తెలిసినవాడికి ఆ పిన్ను తిరిగి బిగించడం పది నిమిషాల పని. దానికి కిట్లు కూడా దొరుకుతాయి.

1986 జనవరి 28న అమెరికా వ్యోమనౌక ఛాలెంజర్ గాల్లోనే పేలి సముద్రంలో పడింది. సిబ్బంది గదిలోని రికార్డర్ టేపు ఆరు వారాల పాటు ఉప్పునీళ్ళలో నానింది. బయటికి తీశాక ఐబీఎం నిపుణులు దాన్ని శుభ్రం చేసి, అందులోని మాటలను వినగలిగారు. 2009 అక్టోబరు వరదల్లో మన అలంపూరు, కర్నూలు మునిగినప్పుడు బురదపట్టిన సామానంతా జనం రోడ్ల మీద కుప్పలు పోశారు. అలాంటి కుప్పలో ఒక టేపు ఉంటే, నాని పోయిందిలే అనుకుని వదిలెయ్యడానికి లేదు.

ఇక తనిఖీ. దీనికి పెద్ద యంత్రాలేం అక్కర్లేదు. మంచి వెలుతురు, చిన్న టార్చి, శుభ్రమైన చేతులు, ఒక రిజిస్టరు ఉంటే చాలు. అన్నిటికంటే ముందు నంబరు రాసుకోవాలి. ఎల్‌టీఓ చీటీ మీద ఆరు అక్షరాల గుర్తు, చివర ఎల్3, ఎల్5 అని తరం గుర్తు ఉంటాయి. సీఎల్‌ఎన్ అని మొదలైతే అది డ్రైవు తల తుడిచే క్లీనింగ్ కార్ట్‌రిడ్జి. అందులో డేటా ఏమీ ఉండదు. యాభై సార్ల దాకా వాడుకుని పక్కన పెట్టేదే. మావాడి పెట్టెలో అదొకటి కనబడింది. అన్నిట్లోకీ కొత్తగా మెరుస్తున్నది అదే కావడంతో, విలువైనదంటూ దాన్ని వేరే దాచాడు!

నంబరయ్యాక డబ్బా. మూలలు పగిలాయా, పై చిప్పకూ కింది చిప్పకూ మధ్య సందు పడిందా, చెవి దగ్గర పెట్టి మెల్లగా ఊపితే లోపల ఏదైనా గలగలమంటుందా చూస్తాం. మీటరు ఎత్తు నుంచి కింద పడ్డ కార్ట్‌రిడ్జి పైకి ఎంత బాగున్నా నేను డ్రైవులో పెట్టను. వంకర తిరిగిన డబ్బా ఒకటి లోపల ఇరుక్కుంటే లక్షల రూపాయల డ్రైవు పోతుంది. తర్వాత పక్కనున్న చిన్న తలుపును వేలితో జరిపి, ఇందాక చెప్పిన పిన్ను తన స్ప్రింగుల మధ్య నిటారుగా ఉందో లేదో చూడాలి. అడుగున చక్రానికి పళ్ళుంటాయి. అవి అరిగినా విరిగినా డ్రైవు దాన్ని తిప్పలేదు.

ఆ తలుపు సందులోంచి టార్చి వేస్తే టేపు చుట్టు అంచు కొంత కనిపిస్తుంది. మా నాయన మగ్గం మీద కూర్చునే ముందు కండెను వెలుతురుకు పట్టి ఒకసారి తిప్పి చూసేవాడు. పోగు ఒకచోట ఎగదట్టి, ఒకచోట వదులుగా కనిపిస్తే పక్కన పెట్టేవాడు. చుట్టు అంచు చూసేటప్పుడు నా కళ్ళు వెతికేదీ అదే. అంచు చదునుగా ఉండాలి. ఒక పొర పైకి లేచినా, అంచు మడతపడినా, తెల్లగా బూజు మచ్చలున్నా ఆ టేపును డ్రైవు దగ్గరికే రానియ్యకూడదు. బూజున్నదాన్ని ముక్కుకు గుడ్డ కట్టుకుని కవర్లో వేసి విడిగా ఉంచాలి. లేకపోతే అది మిగతావాటికీ అంటుకుంటుంది.

బాగున్నట్టే కనిపించినా వెంటనే ఎక్కించకూడదు. ఎల్‌టీఓ టేపును ఏళ్ళకొద్దీ దాచాలంటే 16 నుంచి 25 డిగ్రీల చల్లదనం, గాలిలో తేమ 20 నుంచి 50 శాతం మధ్య ఉండాలి. మే నెలలో మా కొత్తకోట రేకుల గదుల సంగతి నేను చెప్పాలా! వేడికి ప్లాస్టిక్ పట్టీ సాగి, కుంచించుకుని, చుట్టు వదులవుతుంది. వానాకాలం తేమకు పూతను పట్టి ఉంచే జిగురు మెత్తబడుతుంది. అలాంటి చోట నుంచి తెచ్చిన టేపును డ్రైవున్న గదిలో ఒక రోజంతా ఊరికే ఉంచి, ఆ గది వేడికి అలవాటు పడ్డాకే లోపల పెట్టాలి. చల్లటి చోట నుంచి వేడి, తేమ ఉన్న గదిలోకి తెచ్చినప్పుడైతే టేపు మీద చెమ్మ కూడా పడుతుంది.

ఇంకొకటి. ఎల్‌టీఓ డబ్బా మూలలో గోరంత చిప్ ఉంటుంది. టేపును ఎన్నిసార్లు ఎక్కించారు, ఎన్ని తప్పులొచ్చాయి, చివర ఏ డ్రైవులో తిరిగింది అన్నీ అందులో నమోదవుతాయి. దగ్గర పెట్టి చదివే చేతి యంత్రంతో టేపు తిప్పకుండానే ఆ చిట్టా చూడొచ్చు. డ్రైవు కూడా తన గోడు చెప్పుకుంటుంది. టేప్ అలర్ట్ పేరుతో 64 రకాల హెచ్చరికలున్నాయి. 'టేపు ఆయుష్షు తీరింది', 'తల తుడవండి', 'ఈ టేపు మీద రాయనివ్వరు', ఇలాంటివి. ఆఫీసుల్లో చాలామంది వీటిని చదవకుండానే మూసేస్తారు. టేపు చెడిందని పక్కన పడేసిన చాలా సార్లు తప్పు టేపుది కాదు, మురికిపట్టిన డ్రైవుది. కాబట్టి ఒక టేపును చెడిందనే ముందు ఇంకో డ్రైవులో చూడాలి. ఇక్కడా ఒక మెలిక ఉంది. ఎల్‌టీఓ ఏడో తరం వరకు డ్రైవు తన వెనకటి రెండు తరాల టేపులను చదివేది, ఎనిమిది, తొమ్మిది తరాల డ్రైవులు ఒక్క తరమే వెనక్కి చూస్తాయి. మావాడి ఎల్3 టేపులను చదవాలంటే మూడు, నాలుగు, ఐదు తరాల డ్రైవుల్లో ఏదో ఒకటి కావాలి. రాయాలంటే మూడు గానీ నాలుగు గానీ.

తనిఖీ అంటే డబ్బా చూసి ఊరుకోవడం కాదు. ఇది ఎవరిది, దీన్ని పారేసే హక్కు ఎవరికుంది, ఇందులో ఉన్నదానికి ఇంకో కాపీ ఉందా అని కూడా అడగాలి. హైదరాబాద్ నుంచి మా ఊరికి బస్సులో వస్తుంటే దారిలో షాద్‌నగర్ తగులుతుంది. అక్కడ 1979లో ఉపగ్రహాల సంకేతాలను అందుకునే భూ కేంద్రం పెట్టారు. మొదట అమెరికావారి లాండ్‌శాట్ చిత్రాలు, 1988 మార్చి 17న ఎగిరిన మన ఐఆర్‌ఎస్-1ఎ చిత్రాలు అక్కడికే దిగాయి. ఆ రోజుల్లో అదంతా ఎక్కింది పెద్ద టేపుల మీదికే. ఒక ఏడాది కృష్ణ ఎలా పారిందో, పాలమూరు చెరువుల్లో నీళ్ళెంత ఉన్నాయో పట్టుకున్న చిత్రం మళ్ళీ తీయలేం. అలాంటి టేపు పాతబడితే కొత్తదాని మీదికి ఎక్కించుకోవాలి గానీ చెరపకూడదు. చంద్రుడి మీద మనిషి కాలుపెట్టిన 1969 జులై నాటి అసలు టెలిమెట్రీ టేపుల కోసం నాసా ఏళ్ళ తరబడి వెతికింది. వాటిని చెరిపేసి మళ్ళీ వాడేసుకుని ఉంటారని 2009లో తేల్చింది. టేపుల కొరత రోజుల్లో ఎవరో గుమాస్తా మంచి ఉద్దేశంతోనే చేసి ఉంటాడు.

మామూలు ఆఫీసు లెక్కలకు చంద్రుడి దాకా పోనక్కర్లేదు. కంపెనీల చట్టం 2013 ప్రకారం లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు ఉంచాలి. బ్యాంకు రికార్డులకు 1985 నాటి నియమాలున్నాయి, రకాన్ని బట్టి ఐదేళ్ళు లేదా ఎనిమిదేళ్ళు. కోర్టులో కేసుంటే అది తేలేదాకా ముట్టకూడదు. గడువు దాటాక ఉంచుకోవడం కూడా మంచిది కాదు. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం అవసరం తీరిన వ్యక్తిగత వివరాలను చెరిపెయ్యమంటుంది. సరైన భద్రత పెట్టక అవి బయటపడితే జరిమానా 250 కోట్ల రూపాయల వరకు ఉండొచ్చు. ఎందుకైనా మంచిదని అన్నీ దాచిపెట్టే అలవాటు మనకు ఎక్కువ. ఆ 'మంచిది' ఇకమీదట ఖరీదైన మాట.

నాశనం చేసే పద్ధతుల గురించి ఎవరినడిగినా తలా ఒకటి చెప్తారు. మావాడి దుకాణంలో చాయ్ తాగుతూ కూర్చున్నవాళ్ళంతా ఆ రోజు నాకు సలహాలిచ్చారు.

"స్పీకర్ అయస్కాంతం దాని మీద రుద్దితే అయిపాయె గదా." పాటల క్యాసెట్టుకైతే కొంత నిజమే. ఒక టేపు మీది గుర్తులను చెరపాలంటే ఎంత బలమైన అయస్కాంత క్షేత్రం కావాలో ఓర్‌స్టెడ్లలో లెక్కిస్తారు. మామూలు పాటల క్యాసెట్టుకు అది మూడు నాలుగు వందలు. ఎల్‌టీఓకు మొదటి తరం నుంచే 1,800కు పైన. స్పీకర్ అయస్కాంతాన్ని ఎల్‌టీఓ డబ్బా మీద సాయంత్రం దాకా రుద్దినా లోపలి చుట్టుకు ఏమీ కాదు.

"ఫార్మాట్ కొట్టక్కా." కొట్టొచ్చు. కానీ త్వరగా అయ్యే ఎరేజ్ చేసేదల్లా టేపు మొదట్లో 'ఇక్కడితో అయిపోయింది' అని ఒక గుర్తు పెట్టడం. దాని వెనక వందల మీటర్లు ఉన్నదున్నట్టే ఉంటాయి. మామూలు డ్రైవు ఆ గుర్తు దాటి ముందుకు పోదు, పోగల సాధనాలున్న ప్రయోగశాలలు పోతాయి. నిజంగా చెరపాలంటే మొదటి నుంచి చివరిదాకా తిరగరాయాలి. ఎల్‌టీఓ-5 కార్ట్‌రిడ్జి ఒక్కదానికి అది దాదాపు మూడు గంటలు, ఎల్‌టీఓ-8కి తొమ్మిది గంటల పైమాట. పైగా ఎల్‌టీఓ-3 నుంచి ఒక్కసారే రాయగల వార్మ్ కార్ట్‌రిడ్జిలూ వచ్చాయి. డబ్బా పైచిప్ప ఒక రంగు, కింది చిప్ప ఒక రంగు ఉంటే అనుమానించండి. దాని మీద ఏ డ్రైవూ తిరగరాయదు.

"సుత్తితోటి కొట్టి పారేస్తే?" డబ్బా పగులుతుంది, టేపు దొర్లుకుంటూ బయటికొస్తుంది. ఎల్‌టీఓ-3లో టేపు పొడవు 680 మీటర్లు, అందులో 400 జీబీ. అంటే మీటరుకు దాదాపు 600 ఎంబీ, సెంటీమీటరుకు ఆరు ఎంబీ. ఎనిమిదో తరంలో 960 మీటర్లలో 12 టీబీ, అంటే సెంటీమీటరుకు 125 ఎంబీ. వెయ్యి మంది పేర్లు, చిరునామాలు, ఖాతా నంబర్లు ఒక్క ఎంబీలో ఇముడుతాయి. కత్తిరించిన ముక్కను చదవడం అందరివల్లా కాదు, నిజమే. సమాచారం ముక్కలు ముక్కలుగా, కుదించి, వరసలు కలిపి రాసి ఉంటుంది. కానీ సుత్తిదెబ్బ తిన్న డబ్బాలో టేపు ముక్కలు కూడా కాదు కదా, అఖండంగా ఉంటుంది.

"కాలవెడితే?" ఇది విని నాకు కోపమే వచ్చింది. ప్లాస్టిక్ డబ్బా, పాలిస్టర్ పట్టీ, లోహపు పూత, జిగురు అన్నీ కలిసి కాలితే వచ్చే పొగ ఎవరి ఊపిరితిత్తుల్లోకి పోతుంది? మన ఊళ్ళ చివర పాతసామాన్ల దగ్గర రాగి కోసం వైర్లు కాల్చే పొగ ఇప్పటికే చాలు. చుట్ట బిగుతుగా ఉంటే బయటి పొరలు కరిగి ముద్దయి, లోపలివి అలాగే మిగిలిపోతాయి కూడా. కాల్చడమంటూ ఉంటే అనుమతి ఉన్న భట్టీలోనే.

పనికొచ్చే దారులు మూడు. మొదటిది సంకేతలిపి. ఎల్‌టీఓ-4 నుంచి డ్రైవే డేటాకు తాళం వేసి రాయగలదు. ఆ తాళంచెవిని అన్ని చోట్లా చెరిపేస్తే టేపు మీద మిగిలేది అర్థం లేని గందరగోళమే. అయితే చెవికి ఇంకెక్కడా నకలు లేదని ఒట్టు పెట్టుకునేవాడు కావాలి. మావాడి పెట్టెలోని ఎల్‌టీఓలు మూడో తరానివి కాబట్టి వాటికి డ్రైవు వేసే ఆ తాళం ఉండే వీలే లేదు. రెండోది డీగాసింగ్. ఎల్‌టీఓకు సరిపడేంత బలమున్న అయస్కాంత యంత్రంలో పెడితే క్షణాల్లో అంతా చెరిగిపోతుంది. డ్రైవు తలకు దారి చూపడానికి ఫ్యాక్టరీలో రాసిన సర్వో గీతలు కూడా డేటాతో పాటే పోతాయి కాబట్టి ఆ టేపు మళ్ళీ దేనికీ పనికిరాదు. డ్రైవు తిప్పికొట్టిన టేపుకు ఇది సరైన మందు, ఎందుకంటే దీనికి టేపు తిరగనక్కర్లేదు. డబ్బాలోని చిప్‌ను మాత్రం డీగాసర్ ఏమీ చెయ్యదు. అందులో ఖాతాదారుల వివరాలుండవు గానీ టేపు నంబరు, పేరు ఉండొచ్చు. గుండెకు పేస్‌మేకర్ పెట్టించుకున్నవాళ్ళను ఆ యంత్రం గదిలోకి రానివ్వకూడదు.

మూడోది ష్రెడ్డింగ్, డబ్బాతో సహా చిన్న ముక్కలు చెయ్యడం. కాగితాలు చింపే యంత్రం పనికిరాదు. టేపు పీచులా దాని ఇరుసుకు చుట్టుకుని యంత్రమే ఆగిపోతుంది. టేపుల కోసం చేసిన ష్రెడ్డర్ కావాలి. అమెరికా ప్రమాణాల సంస్థ నిస్ట్ 2014లో సవరించిన 800-88 మార్గదర్శకంలో ఈ పనిని మూడు మెట్లు చేసింది: మామూలుగా చెరపడం, ప్రయోగశాలకు కూడా దొరక్కుండా చెరపడం, వస్తువునే నాశనం చెయ్యడం. మా దగ్గర డీగాస్ చేసి ఆపైన ష్రెడ్ చేస్తాం. రెండెందుకు అనేవాళ్ళకు నా సమాధానం ఒకటే: డీగాస్ అయిన టేపు, కాని టేపు పైకి చూస్తే ఒక్కలాగే ఉంటాయి. ముక్కలైనదాన్ని మాత్రం ఎవరైనా గుర్తుపడతారు.

యంత్రాల సంగతి ఇంతే. ఎక్కువ డేటా పోయేది ఆ యంత్రం దాకా చేరే దారిలో. 2005లో బ్యాంక్ ఆఫ్ అమెరికా 12 లక్షల మంది ప్రభుత్వోద్యోగుల కార్డుల వివరాలున్న టేపులు రవాణాలో పోయాయని ప్రకటించింది. 2008లో బ్యాంక్ ఆఫ్ న్యూయార్క్ మెలన్‌వి పోయాయి. బాధితులు కోటీ ఇరవై ఐదు లక్షల మందని చివరికి లెక్క తేలింది. మోర్గాన్ స్టాన్లీ కథ ఇంకోరకం. పాత డిస్కులను నాశనం చెయ్యమని ఆ పనిలో అనుభవం లేని సామాన్లు తరలించే కంపెనీకి అప్పగించింది. కొన్ని డిస్కులు ఇంటర్నెట్ వేలంలో తేలాయి, ఖాతాదారుల వివరాలతో సహా. 2022 సెప్టెంబరులో మూడున్నర కోట్ల డాలర్లు కట్టాల్సి వచ్చింది. కొసరుగా ఆటోలో వేసిన అట్టపెట్టెకూ దీనికీ తేడా డబ్బు లెక్కలోనే.

అందుకే సర్టిఫికెట్ దగ్గర నేను మొండిదాన్ని. 'ఫలానా తేదీన ఇన్ని కిలోల టేపులు నాశనం చేశాం' అని ఇస్తే తీసుకోను. ప్రతి టేపు బార్‌కోడ్ నంబరూ అందులో ఉండాలి. ఏ పద్ధతి, ఏ యంత్రం, ఎవరి ఎదుట చేశారో ఉండాలి. పెట్టె మీద వేసి పంపిన సీలు నంబరు, అక్కడ విప్పిన సీలు నంబరు ఒకటే కావాలి. వీలైతే మన మనిషి ఎదురుగా నిలబడాలి. ముక్కలు కూడా ఎక్కడికి పోతాయో అడగాలి. 2023 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉన్న ఈ-వ్యర్థాల నియమాల కింద రిజిస్టరైన రీసైక్లర్లు ఉన్నారు. కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి పోర్టల్‌లో పేరున్నవాళ్ళకే ఇవ్వడం మంచిది.

మావాడి పెట్టెకు వస్తే, ఆ ఆఫీసు పాత అకౌంటెంటు సారు వనపర్తిలోనే ఉంటారని తెలిసి ఫోన్ చేయించాను. స్కూటర్ మీద వచ్చారు. "అమ్మా, చెడిపోయినవే కదా అని మావాళ్ళు ఇచ్చేసిండ్రు," అన్నారు. చీటీల మీది నెలలు చూపించాను. జీతాల చిట్టాలు, ఖాతాదారుల దరఖాస్తులు, అన్నీ ఆయన చేతి మీదుగా ఎక్కించినవే. మనిషి కాసేపు మాట్లాడలేదు, తర్వాత ఇంటికి పోయి పాత టేపుల రిజిస్టరు పట్టుకొచ్చారు. ఆ కాలం మనిషి కాబట్టి పారెయ్యలేదు. రిజిస్టరుతో పెట్టెను సరిచూశాం. అన్నీ గడువు దాటినవే, కేసులేమీ లేవు. నాశనానికి ఒప్పుకుంటూ ఆయన యజమానుల చేత ఉత్తరం రాయించారు. రిజిస్టరులో ఉండి పెట్టెలో లేని టేపు ఒకటి తేలింది. వెతికితే మావాడి దుకాణంలోనే, కౌంటరు కాలు ఎత్తు సరిచేయడానికి కింద పెట్టాడు. తీసి తుడిచి పెట్టెలో చేర్చాం.

టేపులను బోర్లా పేర్చకుండా నిలబెట్టి, మధ్య ఖాళీల్లో కాగితం కుక్కి, సీలు వేసి కారులో హైదరాబాద్ తీసుకుపోయాం. మీరెవరైనా ఇలాంటి పెట్టెను తరలిస్తే బస్సు పైన మాత్రం వేయకండి. డీగాసింగ్, ష్రెడ్డింగ్ అయ్యాక అకౌంటెంటు సారు తన రిజిస్టరులో ఒక్కో నంబరుకు ఎదురుగా ఎర్ర సిరాతో తేదీ వేసి సంతకం పెట్టుకున్నారు.

మావాడికి మిగిలింది టేపులుండే ఖాళీ ప్లాస్టిక్ పెట్టెలు. స్క్రూలు, చిన్న సామాను వేసుకోవడానికి బాగుంటాయని అడిగాడు. ఇచ్చాను, కానీ లోపల ఆఫీసు పేరు, నెల రాసిన అట్టముక్కలన్నీ తీయించాకే. పెట్టె మూత మీద అతికించిన చీటీలు సగం సగం చిరుగుతున్నాయి. కిరసనాయిలు గుడ్డ పెట్టి రుద్దమన్నాను.